నెలలు నిండని బిడ్డ: సంతకానికి ముందు

గర్భంలో 37 వారాలు పూర్తికాకముందే పుట్టిన బిడ్డను వైద్యులు నెలలు నిండని బిడ్డగా లెక్కిస్తారు. 32 దాటి 37 లోపు పుట్టినవాళ్లకు సాధారణంగా వెచ్చదనం, పాలు, కాస్త ఆక్సిజన్ సాయం చాలు. 28 నుంచి 32 వారాల మధ్య పుట్టినవాళ్లకు ఇంటెన్సివ్ కేర్ తప్పదు. 28 కూడా నిండనివాళ్ల సంగతి వేరు. వాళ్ల విషయంలో ప్రతి పూటా ఒక నిర్ణయం ఎదురవుతుంది. బరువును బట్టి మరో లెక్క ఉంది. రెండున్నర కిలోల లోపుంటే తక్కువ బరువు, కిలోన్నర లోపుంటే చాలా తక్కువ, కిలో లోపుంటే అత్యంత తక్కువ. 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు కోటీ 34 లక్షల మంది బిడ్డలు ఇలా ముందుగా పుట్టారనీ, వాళ్లలో 30 లక్షల మంది భారతదేశంలోనే పుట్టారనీ అంతర్జాతీయ అంచనా.

తెలంగాణలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఈ వారాల లెక్క ఎవరూ చెప్పుకోరు. నెలల లెక్కే. దానితో పాటు తెలుగునాట అంతటా వినిపించే ఒక మాట ఇక్కడా ఉంది: ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు. ఇది మన ఒక్కరి నమ్మకమే అనుకోనక్కర్లేదు. ప్రాచీన గ్రీకు వైద్య గ్రంథాల్లోనూ అచ్చంగా ఇదే మాట కనిపిస్తుంది. ఎంత పాతదైనా ఈ మాట తప్పు. గర్భంలో గడిచే ప్రతి వారం బిడ్డ ఊపిరితిత్తులకు, మెదడుకు, పేగులకు బలం కూడబెడుతుంది. 30 వారాల బిడ్డ కన్నా 34 వారాల బిడ్డ బతికే అవకాశం ఎప్పుడూ ఎక్కువే. చిక్కు ఏమిటంటే, ఈ మాట ఊరికే మాటగా మిగలదు. ఎనిమిదో నెలలో నొప్పులు వచ్చిన ఇంట్లో ఎవరైనా పెద్దావిడ దీన్ని అనగానే అంబులెన్సుకు ఫోన్ చేయాల్సిన చేయి ఆగిపోతుంది.

అందుకే మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ కాగితం చాలా విలువైనది. ఆ స్కాన్‌లో బిడ్డ వయసు వారం అటూ ఇటూగా సరిగ్గా తెలుస్తుంది. ఏడో నెలలో తీసే స్కాన్‌కు ఆ ఖచ్చితత్వం ఉండదు. తేడా రెండు మూడు వారాల దాకా పోవచ్చు. బహిష్టు తేదీ గుర్తులేక, ఉగాదికి ముందా తర్వాతా అని జ్ఞాపకం చేసుకునే తల్లి విషయంలో ఆ మొదటి కాగితమే ఆధారం. 27 వారాలా, 30 వారాలా అన్నది తేలకపోతే తర్వాతి నిర్ణయాలన్నీ చీకట్లో తీసుకున్నట్టే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలు మూడూ 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడిపోయి జిల్లా కేంద్రాలయ్యాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. పసిబిడ్డల వైద్యానికి ప్రభుత్వ వ్యవస్థలో మూడు మెట్లున్నాయి. ప్రసవం జరిగే ప్రతిచోటా బిడ్డను వెచ్చగా ఉంచి ఊపిరి అందించే చిన్న మూల ఒకటి ఉండాలి. దాని పైన, సామాజిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో, ఓ మోస్తరు జబ్బుపడ్డ బిడ్డలను నిలబెట్టే యూనిట్. దాని పైన, జిల్లా దవాఖాన స్థాయిలో, అందరూ ఎస్‌ఎన్‌సీయూ అని పిలిచే ప్రత్యేక నవజాత శిశు విభాగం. దేశంలో ఇలాంటి విభాగం మొదటిసారి 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో మొదలైంది. అక్కడ అది పనిచేసిన తీరు చూశాకే మిగతా జిల్లాలకు వ్యాపించింది. వెంటిలేటర్ మీద వారాల తరబడి ఉంచాల్సిన బిడ్డకో, ఆపరేషన్ కావాల్సిన బిడ్డకో ఈ మూడు మెట్లూ చాలవు. అప్పుడు హైదరాబాద్‌లోని నీలోఫర్ లాంటి పెద్ద దవాఖానకు పోవాలి. తన పనిమనిషి 1949లో కాన్పు కష్టమై చనిపోవడంతో కదిలిపోయిన నీలోఫర్ రాకుమారి, ఏడో నిజాం రెండో కోడలు, పట్టుబట్టిన ఫలితంగా వెలిసిన దవాఖాన అది. 1953 నుంచి నడుస్తోంది.

గద్వాల, అలంపూర్ వాళ్లకు ఇంకో దారి ఉంది. కర్నూలు పెద్దాసుపత్రి గద్వాల నుంచి సుమారు అరవై కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. హైదరాబాద్ నూట తొంభై దాకా. దూరం లెక్కన కర్నూలే మేలు. అయితే తుంగభద్ర దాటితే రాష్ట్రం మారుతుంది, పథకం కార్డు చెల్లుబాటూ మారవచ్చు. ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ పుట్టిన గడ్డ నిజానికి ఈ పాత మహబూబ్‌నగరే. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెరిగింది. ప్రభుత్వ దవాఖానలో జబ్బుపడ్డ పసిబిడ్డకు మందులు, పరీక్షలు, రక్తం, రానూపోనూ వాహనం ఉచితంగా ఇవ్వాలని 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతుంది. ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో ఏడో నెలలోనే, ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో అడిగి తెలుసుకోవడం నయం. నొప్పులు మొదలయ్యాక కౌంటర్ దగ్గర అడిగితే వినేవాళ్లు ఉండరు.

తల్లిదండ్రులు తీసుకునే నిర్ణయాల్లో అతి పెద్దది బిడ్డ పుట్టకముందే వస్తుంది: ఎక్కడ కనాలి? ముందుగా పుట్టే బిడ్డను ఊరూరూ తిప్పడానికి ప్రపంచంలో ఉన్న అన్ని అంబులెన్సుల కన్నా తల్లి గర్భమే సురక్షితమైనదని నవజాత శిశు వైద్యులందరూ ఒప్పుకుంటారు. పుట్టాక బిడ్డను పంపడం కన్నా, పుట్టకముందే తల్లిని పంపడం మేలు. నొప్పులు బాగా ముదరకపోతే, డాక్టర్ ప్రయాణం చేయవచ్చు అంటే, పెద్ద దవాఖానకు కదలడమే సరైన నిర్ణయం.

కదిలే ముందు ఒక సూది పడాలి. 1972లో న్యూజిలాండ్‌కు చెందిన లిగిన్స్, హోవీ అనే ఇద్దరు వైద్యులు, ముందుగా కనబోయే తల్లికి స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి వస్తాయని నిరూపించారు. మన దేశంలో 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు వచ్చిన తల్లికి డెక్సామెథసోన్ ఆరు మిల్లీగ్రాముల చొప్పున, పన్నెండు గంటలకొకటిగా నాలుగు సూదులు ఇవ్వాలని 2014లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. పైకి పంపే ముందు మొదటి సూదిని ఏఎన్‌ఎం కూడా ఇవ్వవచ్చని అందులోనే ఉంది. ఈ మందు ఖరీదు చాలా తక్కువ. ఐసీయూలో వేలు పోసి కొనే మందుల్లో చాలావాటి కన్నా ఇది చేసే మేలు ఎక్కువ. తల్లికి ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్ తేలుస్తారు. కానీ, ఊపిరితిత్తుల సూది పడిందా అని అడిగే హక్కు ఇంటివాళ్లకు ఉంది. అడగడమే మంచిది.

దారిలోనే కాన్పు అయితేనో, చిన్న దవాఖానలో పుట్టిన బిడ్డను పంపాల్సి వస్తేనో, అక్కడ ప్రధాన శత్రువు చలి. బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. కిలోన్నర బిడ్డ ఒంట్లో కొవ్వు పొర ఉండదు. తడి ఆరకముందే తుడిచి, టోపీ పెట్టి, తల్లి లేదా తండ్రి రొమ్ముకు నేరుగా ఆనించి పైన దుప్పటి కప్పితే, వెచ్చదనం విషయంలో అది మంచి అంబులెన్సుకు సమానం. 108కి ఫోన్ చేసినప్పుడే నెలలు నిండని బిడ్డ అని చెప్పాలి. పోయే దవాఖానకు ముందుగా ఫోన్ వెళ్లిందా, పడక ఖాళీ ఉందా, చేతిలో రెఫరల్ చీటీ ఉందా అన్నది చూసుకోవాలి. అచ్చంపేట, అమ్రాబాద్ దాటి నల్లమల అడవి లోపలి చెంచు పెంటల (గూడేల) నుంచి కదిలే తల్లికి ఈ ఏర్పాట్ల విలువ ఇంకా ఎక్కువ. అక్కడి నుంచి రోడ్డెక్కడమే ఒక పెద్ద పని.

ఎస్‌ఎన్‌సీయూ లోపల దృశ్యం బయట అరుగు మీద కూర్చున్నవాళ్లకు అందదు. అక్కడి మాటలో "పెట్టెలో పెట్టారు" అంటారు. అది గాజు పెట్టే కావాలని లేదు. చాలా చోట్ల పైన వేడిచ్చే రాడ్ ఉన్న తెరిచిన పడకే. బిడ్డ పొట్ట మీద కాలేయం దగ్గర అంటించిన చిన్న బిళ్ల ఒంటి వేడిని కొలిచి యంత్రానికి చెబుతుంది. వేలంత పాదానికి చుట్టిన పట్టీలోని ఎర్ర దీపం రక్తంలో ఆక్సిజన్‌ను చూపుతుంది. ముక్కుకు పెట్టిన గొట్టం ఇంకో చివర నీళ్ల సీసాలో ముంచి ఉంటుంది. నీటిలో ఐదు సెంటీమీటర్ల లోతున ఉంటే, అంతే ఒత్తిడితో గాలి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఆ సీసాలో బుడగలు ఆగకుండా గుబగుబలాడుతుంటే యంత్రం పనిచేస్తున్నట్టు. ఆగితే నర్సు వచ్చి ముక్కు దగ్గర గొట్టం జారిందేమో చూస్తుంది. దీన్ని సీప్యాప్ అంటారు. 1971లో అమెరికాలో జార్జ్ గ్రెగరీ అనే మత్తు వైద్యుడు దీన్ని పసిబిడ్డల కోసం తయారుచేశాడు.

దీని అవసరం ఎందుకొచ్చిందంటే, ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తుల లోపలి గోడలను అంటుకోకుండా ఉంచే పదార్థం సర్ఫక్టెంట్ 34 వారాలు దాటాకే సరిపడా తయారవుతుంది. అది లేకపోతే తడిసిన పాలిథీన్ సంచి గోడలు ఒకదానికొకటి అతుక్కున్నట్టు తిత్తులు మూసుకుపోతాయి. తెరవడానికి ప్రతి ఊపిరీ ఒక పోరాటమవుతుంది. ఈ లోపమే కారణమని 1959లో మేరీ ఎలెన్ ఎవరీ, జెరీ మీడ్ కనుగొన్నారు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీ కొడుకు ప్యాట్రిక్ ఇదే జబ్బుతో రెండు రోజులకే చనిపోయాడు. బరువు రెండు కిలోల పైనే. ప్రపంచంలో అతి శక్తిమంతమైన దేశాధినేత బిడ్డకు ఆనాడు దొరకని వైద్యం ఈనాడు జిల్లా కేంద్రంలో దొరుకుతోంది. బయటి నుంచి సర్ఫక్టెంట్‌ను ఊపిరితిత్తుల్లోకి పోసి బిడ్డలను బతికించవచ్చని 1980లో జపాన్ వైద్యుడు ఫుజివారా చూపించారు.

సర్ఫక్టెంట్ పోయాలా అన్న సంతకం తల్లిదండ్రుల ముందుకు మొదటి గంటల్లోనే వస్తుంది. ఈ మందు ప్రైవేటులో వేల రూపాయలవుతుంది. మొదటి రెండు గంటల్లో ఇస్తే ఎక్కువ ఫలితం. ఆలోచించి రేపు చెబుతామనడం ఇక్కడ నిర్ణయం తీసుకోకపోవడం కాదు, వద్దని చెప్పినట్టే లెక్క. వ్యవధి ఉన్న నిర్ణయాలు, లేని నిర్ణయాలు అని రెండు రకాలుంటాయి. అత్యవసరమైతే డాక్టర్ ముందు చికిత్స చేసి తర్వాత చెబుతారు, అది తప్పు కాదు. వ్యవధి ఉన్నదానికి మాత్రం వివరం అడగాలి.

చట్టం ఈ మాటే అంటుంది. రోగికి అర్థమయ్యేలా జబ్బు, చికిత్స, దానివల్ల ముప్పు, వేరే మార్గాలు, చికిత్స వద్దంటే ఏమవుతుంది అన్నవి చెప్పాకే ఇచ్చిన సమ్మతి సమ్మతి అవుతుందని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పసిబిడ్డ తరఫున ఆ సమ్మతి తల్లిదండ్రులది. ఇద్దరిదీ. ఈ ప్రాంతంలో ఆచరణ వేరుగా ఉంటుంది. తొలి కాన్పు పుట్టింట్లో. తండ్రి పుణేలోనో ముంబైలోనో పనిలో ఉంటాడు. ఫారం మీద తాతయ్య వేలిముద్ర పడుతుంది. కడుపు కోసిన తల్లి ఒక ఊరి దవాఖానలో, బిడ్డ ఇంకో ఊరి ఐసీయూలో ఉంటారు. ఏం జరిగిందో తల్లికి అందరికన్నా ఆఖరున తెలుస్తుంది. ఆమె కంగారుపడుతుందని దాచడం మేలు చేసే పని కాదు. బిడ్డకు పాలిచ్చేది, రేపు ఏళ్ల తరబడి చూసుకునేది ఆమే. ఫోన్ స్పీకర్‌లో పెట్టి డాక్టర్ మాటలు తల్లికి, దూరాన ఉన్న తండ్రికి ఒకేసారి వినిపించడం ఖర్చులేని పని. రోజూ ఒకే సమయానికి, ఇంట్లో ఒకరే వెళ్లి, ఒకటే నోటుపుస్తకంలో బరువు, ఆక్సిజన్ శాతం, తాగిన పాలు రాసుకుంటే సగం గందరగోళం తగ్గుతుంది. ఐదుగురు ఐదుసార్లు అడిగితే ఐదు జవాబులు వస్తాయి, ఆ తర్వాత తగాదా వస్తుంది.

మొదటి వారంలో బిడ్డ బరువు తగ్గుతుంది. పదో వంతు దాకా తగ్గడం మామూలే, బాగా చిన్న బిడ్డల్లో ఇంకొంచెం ఎక్కువ. అది తెలియక దవాఖాన మార్చే కుటుంబాలుంటాయి. ఆ మార్పు బిడ్డకు చేసే హాని బరువు తగ్గడం కన్నా చాలా ఎక్కువ.

ఇక పాలు. ఐసీయూలో తల్లి మాత్రమే చేయగలిగిన వైద్యం ఇదొక్కటే. 34 వారాల లోపు బిడ్డకు పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం మూడింటినీ కలిపి చేయడం రాదు. అందుకని నోటి గుండా పొట్టలోకి సన్నని గొట్టం వేస్తారు. దాని చివర పిస్టన్ తీసేసిన సిరంజిలో రెండు మిల్లీలీటర్ల పాలు పోసి, నర్సు దాన్ని బిడ్డకు కాస్త ఎత్తులో పట్టుకుంటుంది. పాలు వాటంతట అవే దిగాలి, నొక్కకూడదు. కొంచెం పెద్దయ్యాక ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. సీసా, పీక వద్దు. తల్లి పాలు తాగిన బిడ్డల్లో పేగులు కుళ్లే ప్రాణాంతక జబ్బు చాలా తక్కువ. డబ్బా పాలతో ఆ ముప్పు పెరుగుతుంది. కాబట్టి కాన్పయిన మొదటి గంటల నుంచే, రోజుకు ఎనిమిది సార్లకు తగ్గకుండా, రాత్రి కూడా మానకుండా చేత్తో పాలు పిండాలి. మొదట్లో వచ్చేవి చుక్కలే. ఆ ముర్రుపాల చుక్కలే బిడ్డ బుగ్గ లోపల పూయడానికి సరిపోతాయి. తల్లి వేరే దవాఖానలో ఉంటే పిండిన పాలను చల్లగా ఉంచి తెచ్చే బాధ్యత తండ్రిదో మేనమామదో.

బాలింతకు తాగడానికి నీళ్లు తక్కువ ఇచ్చి, కారం అన్నంతో సరిపెట్టే పథ్యం ఇక్కడ బాగా అడ్డం వస్తుంది. పాలు తయారవడానికి ఆమెకు కడుపునిండా తిండి, నీళ్లు కావాలి. తల్లి పాలు ఎంతకీ చాలకపోతే డబ్బా కన్నా ముందు దాత పాల గురించి అడగాలి. దేశంలో మొదటి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబైలోని సయన్ దవాఖానలో డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ చొరవతో మొదలైంది. నీలోఫర్‌లో ధాత్రి పాల బ్యాంకు 2017 నుంచి ఉంది. తేనె, ఆముదం, వస రసం, గంగా జలం, ఇవేవీ నెలలు నిండని బిడ్డ నోట్లో పడకూడదు. ఇందులో మాత్రం బేరం లేదు.

పాలతో పాటు, బిడ్డను తల్లి రొమ్ము మీద నేరుగా పడుకోబెట్టే కంగారూ పద్ధతి ఉంది. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే తలపెట్టిన ఉపాయం ఇది. పేదల సర్దుబాటుగా మొదలైనది కాస్తా మేలైన వైద్యంగా తేలింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో పాటు ఆఫ్రికాలోని నాలుగు దేశాల దవాఖానల్లో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలతో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. పుట్టిన వెంటనే, రోజుకు పదిహేడు గంటల దాకా తల్లి ఒంటి మీద ఉంచిన బిడ్డల్లో మరణాలు పావు వంతు తగ్గాయి. నిలకడపడ్డాకే మొదలుపెట్టాలన్న పాత నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో మార్చేసింది. తండ్రి, నానమ్మ, పెద్దమ్మ ఎవరైనా చేయవచ్చు. చొక్కా గుండీలు విప్పి కూర్చోవడానికి మగవాళ్లు సిగ్గుపడతారు, అంతకు మించి అడ్డంకి ఏమీ లేదు.

ఆక్సిజన్ ఇంకో నిర్ణయాల గని. తక్కువైతే మెదడుకు, ఎక్కువైతే కళ్లకు ముప్పు. పెరగడం ఇంకా పూర్తికాని కంటి రెటీనాలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోయే జబ్బును ఆర్‌ఓపీ అంటారు. 1940, 50లలో పాశ్చాత్య దేశాల్లో బిడ్డలకు ఆక్సిజన్ విచ్చలవిడిగా ఇచ్చినప్పుడు వేలాది మంది గుడ్డివాళ్లయ్యారు. ఇప్పుడు ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డకు తెర మీద అంకె 90 నుంచి 95 మధ్య ఉండేలా చూస్తారు. నూరు చూసి సంతోషించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. రెండు కిలోల లోపు గానీ 34 వారాల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకూ 30 రోజుల లోపే కంటి పరీక్ష జరగాలి. 28 వారాల లోపు వాళ్లకైతే రెండు మూడు వారాలకే. జబ్బు ముదిరిందని తేలితే రెండు మూడు రోజుల్లో లేజర్ పడాలి, వారం ఆగితే చూపు తిరిగిరాకపోవచ్చు. 1996లో చెన్నైలోని ప్రభుత్వ దవాఖానలో 29 వారాలకు పుట్టిన ఒక ఆడబిడ్డకు ఈ పరీక్ష గురించి ఎవరూ చెప్పలేదు. చూపు పోయింది. 2015 జులైలో సుప్రీంకోర్టు ఆ కుటుంబానికి సుమారు కోటీ 80 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ, జంటనగరాల ఐసీయూలకు వైద్యులు స్వయంగా వెళ్లి బిడ్డల కళ్లు చూసే పద్ధతిని దేశంలో ముందుగా చేపట్టినవాటిలో ఒకటి. పల్లెవాళ్లకు వచ్చే చిక్కల్లా, బిడ్డ ఇరవయ్యో రోజుకే డిశ్చార్జి అవుతుంది, కంటి తేదీ ముప్పయ్యో రోజుకు పడుతుంది. ఆ మధ్యలో ఇంటికి వెళ్లిపోయిన కుటుంబం, బిడ్డ బాగానే ఉందిగదా అని ఆ తేదీని వదిలేస్తుంది.

అన్నింటికన్నా కఠినమైన నిర్ణయాలు మెదడు స్కాన్ తర్వాత వస్తాయి. మొదటి వారంలో నడినెత్తి మెత్తని భాగం మీద ప్రోబ్ ఆనించి అల్ట్రాసౌండ్ చేస్తారు. మెదడు లోపల రక్తస్రావాన్ని నాలుగు స్థాయిలుగా చెబుతారు. మొదటి రెండు స్థాయిల్లో చాలామంది బిడ్డలు మామూలుగానే ఎదుగుతారు. మూడు, నాలుగు స్థాయిల్లో నడకకో మాటకో ఇబ్బంది వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది, అయినా ఏ ఒక్క బిడ్డ విషయంలోనూ ముందే తేల్చి చెప్పలేరు. 2018లో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు దవాఖానలో 25 వారాలకు 375 గ్రాముల బరువుతో పుట్టిన బిడ్డ నాలుగు నెలలకు పైగా ఐసీయూలో ఉండి ఇంటికి వెళ్లిన వార్త అందరూ చదివారు. అలాంటి వార్త ఆశ ఇస్తుంది, అదే సమయంలో తప్పుదారీ పట్టిస్తుంది. అలాంటివి వార్తలయ్యేది అరుదు కాబట్టే. డాక్టర్‌ను అడగాల్సింది ఇంకెక్కడో ఏం జరిగిందని కాదు. ఇదే దవాఖానలో, ఇన్ని వారాల బిడ్డలు పది మంది వస్తే ఎంతమంది ఇంటికి వెళుతున్నారు, వాళ్లలో ఎంతమంది బాగున్నారు అని అడగాలి.

వెంటిలేటర్ కొనసాగించాలా, ఆపాలా అన్న ప్రశ్న కొన్ని కుటుంబాలకు ఎదురవుతుంది. నయం కాని స్థితిలో ప్రాణాధార యంత్రాలను ఆపడాన్ని 2018 మార్చిలో సుప్రీంకోర్టు అనుమతించింది. 2023లో ఆ పద్ధతిని కొంత సులువు చేసింది. దాని ప్రకారం ఒకరి కన్నా ఎక్కువ మంది వైద్యులున్న రెండు బోర్డులు రోగి స్థితిని విడివిడిగా చూసి చెప్పాలి. అంటే రాత్రికి రాత్రి ఒక డాక్టరూ ఒక బంధువూ కూడి తేల్చేది కాదిది. చికిత్స ఆపినా, నొప్పి తెలియకుండా చూడటం, తల్లి ఒడిలో ఉండనివ్వడం ఆపరు. ఇందుకు పూర్తి భిన్నమైనది, డబ్బు అయిపోయిందని డాక్టర్ సలహాకు వ్యతిరేకంగా బిడ్డను ఇంటికి తీసుకుపోవడం. బతికే బిడ్డను కూడా చంపే నిర్ణయం అదే. డబ్బే అడ్డమైతే సంతకం చేసి బయటికి రావడానికి ముందు, ప్రభుత్వ దవాఖానకు పంపే ఏర్పాటు చేయమనీ, అంబులెన్సులో ఊపిరి సాయంతో పంపమనీ అడగాలి. కేస్ రికార్డు నకళ్లు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 వైద్య నడవడి నిబంధన.

ఒక సంగతి బయటికి చెప్పక తప్పదు. 2017లో దేశంలోని ఎస్‌ఎన్‌సీయూల్లో చేరిన ఆడబిడ్డలు మగబిడ్డల కన్నా దాదాపు లక్షన్నర తక్కువ అని యూనిసెఫ్ లెక్క చెప్పింది. నెలలు నిండని మగబిడ్డలు సహజంగా కొంచెం బలహీనులే, కానీ అది ఇంత తేడాకు సరిపోయే కారణం కాదు. చికిత్స ఉచితమైన చోట కూడా కొందరు ఆడబిడ్డను అక్కడి దాకా తీసుకురావడం లేదు. ఈ నిర్ణయానికి ఏ ఫారం మీదా సంతకం ఉండదు.

ఇంటికి పంపే సమయానికి బిడ్డ రోజూ కిలోకు పది పదిహేను గ్రాముల చొప్పున బరువు పెరుగుతుండాలి, నోటితో పాలు తాగుతుండాలి, యంత్రం సాయం లేకుండా ఒంటి వేడి నిలుపుకోవాలి. టీకాలు పుట్టిన తేదీని బట్టే వేయించాలి, నెలలు నిండలేదని వాయిదా వేయకూడదు. వినికిడి పరీక్ష మూడు నెలల లోపు జరగాలి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూసే సందర్శనలు ఉంటాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, ఎదుగుదలలో జాప్యమున్న పిల్లల కోసం జిల్లా స్థాయిలో ప్రత్యేక కేంద్రాలు పెట్టారు. డిశ్చార్జి కాగితం మీద ఎన్ని వారాలకు పుట్టింది, ఎంత బరువుతో పుట్టింది, ఆక్సిజన్ ఎన్ని రోజులు పెట్టారు, కంటి పరీక్ష తేదీ ఎప్పుడు అన్న నాలుగు వివరాలు రాసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేకపోతే అక్కడే అడిగి రాయించుకోవాలి. ఇంటికి చేరాక నెలనెలా తప్పకుండా బరువు తూయించాలి. పిల్ల మెడ నిలిపిందా, కూర్చుందా, నడిచిందా అని చూసేటప్పుడు, రెండేళ్లు నిండేదాకా వయసును పుట్టిన రోజు నుంచి కాక, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కించాలి.